తల కొలిచిన ఎండాకాలం

పొద్దున్నే లేచి ముఖమైనా కడుక్కోకుండా "ఈయేల ఎంత?" అని అడగడం మా మామగారికి అలవాటు. అనకాపల్లి బెల్లం మార్కెట్లో ఆయన వయసంతా కాటా దగ్గరే గడిచింది. పని మానేశాక కూడా ఎవరికో ఒకరికి ఫోన్ చేసి ఆ రోజు ధర కనుక్కుంటే గాని టీ గొంతు దిగేది కాదు. బెల్లం ధర అడిగితే నాకేం బాధ? అడగనీ అని ఊరుకునేదాన్ని. కానీ పోయిన ఎండాకాలం ఆయన అడిగింది బెల్లం సంగతి కాదు. నా కొడుకు తల సంగతి.

"ఒరే దేవీ, ఈయేల ఎంతొచ్చింది?"

"డెబ్బై అయిదున్నర నాన్నా," అనేవాడు మా ఆయన.

"నిన్న డెబ్బై ఆరన్నావు కాదేటి?"

"అర తగ్గింది."

"తగ్గిందా!"

ఇంక ఆ పూట ఇంట్లో ఎవరికీ ముద్ద దిగదు. మా అత్త మరిడమ్మ చేతిలో చీపురు అలాగే పట్టుకుని గడప మీద కూలబడేది. రాంబిల్లిలో ఉన్న మా ఆడపడుచు ఫోన్లో ఏడుపు బొమ్మలు పంపేది. "మోహిత్ హెల్త్" అని మా ఆయన వాట్సాప్‌లో ఒక గ్రూపు పెట్టాడు. అందులో నన్నూ చేర్చాడు. నా కళ్ళెదురుగా మంచం మీద కాళ్ళాడిస్తూ ఉన్న నా బిడ్డ ఎలా ఉన్నాడో నాకు మెసేజీ వచ్చేది. చదవకపోతే వంటింట్లోకి వచ్చి మరీ "సూసేవా?" అని అడిగేవాడు.

మోహిత్ తల పుట్టినప్పటి నుంచీ ముందుకీ వెనక్కీ పొడుగ్గా, పక్కల్లో ఇరుకుగా ఉండేది. "మీ పుట్టింటోళ్ళ పోలిక" అని మా అత్త తేల్చేసింది. ఎలమంచిలిలో మా అమ్మ మాత్రం "మా వైపు ఇలాటి తలకాయ ఎవరికుందే?" అంటూ పాత పెళ్ళి ఫోటోలన్నీ తీసి వెతికింది. చివరికి విశాఖపట్నంలో డాక్టరమ్మ చూసి అసలు సంగతి చెప్పింది. పసిపిల్లల పుర్రె ఒకే ముక్కగా ఉండదట. ముక్కల మధ్య అతుకులుంటాయట. మెదడు పెరిగేకొద్దీ అవి జరిగి చోటిస్తాయట. మా వాడికి నడినెత్తి మీది అతుకు కడుపులో ఉండగానే మూసుకుపోయింది. "ఇందులో ఎవరి తప్పూ లేదమ్మా" అని కూడా చెప్పింది. ఆ ఒక్క మాట మాత్రం మా ఇంట్లో ఎవరి చెవికీ ఎక్కలేదు.

మాఘమాసంలో ఆపరేషన్ అయింది. ఈ చెవి నుంచి ఆ చెవి దాకా నెత్తి మీదుగా కోసి, ఎముకలు సర్ది, మళ్ళీ కుట్టారు. ఆ తలుపు బయట కూర్చున్న పూట గురించి నేను చెప్పను. చెప్పలేను. ఇంటికి పంపే ముందు డాక్టరమ్మ రెండు వంపు కాళ్ళున్న ఒక స్టీలు పనిముట్టుతో వాడి తల కొలిచింది. చెవుల పైన అడ్డంగా ఎంత, నుదుటి నుంచి వెనక దాకా పొడవు ఎంత. వెడల్పును పొడవుతో భాగించి నూరుతో హెచ్చవేస్తే ఒక అంకె వస్తుంది. ఆపరేషన్‌కి ముందు అది అరవై ఎనిమిది. ఇప్పుడు డెబ్బై ఆరు.

"ఇకనుంచి ఈ అంకె చూసుకుంటూ ఉంటాం. కొంచెం అటూ ఇటూ అవడం మామూలే. బాగా తగ్గుతూ పోతే మాత్రం మళ్ళీ తెరవాల్సి రావచ్చు," అంది డాక్టరమ్మ.

నేను "కొంచెం అటూ ఇటూ" అన్నది విన్నాను. మా ఆయన "మళ్ళీ తెరవాలి" అన్నది విన్నాడు. ఇద్దరం ఒకే బెంచీ మీద పక్కపక్కన కూర్చునే విన్నాం.

మా ఆయనది లేత్ పని. త్రినాధరావు అనే ఆయన షాపులో చెరకు గానుగలకి షాఫ్టులు, అంటే ఇనప ఇరుసులు, తిప్పి చెక్కుతాడు. కుట్లు ఊడదీసి ఇంటికొచ్చిన వారంలోనే ఒక సాయంత్రం షాపు నుంచి వస్తూ సంచీలోంచి ఏదో తీశాడు. చూస్తే అచ్చం డాక్టరమ్మ చేతిలో ఉన్నలాంటిదే. కాకపోతే నల్లగా, నూనె వాసనతో.

"ఇదేటండీ, ఇంటికి తెచ్చేరు?"

"కాలిపర్. డాక్టరమ్మ కాడ ఉన్నదీ ఇదే కదా. స్పిరిట్టు రాసి తుడిసేను."

"తుడిచేరు సరే. దేనికంట?"

"మళ్ళీ ఆస్పత్రికి ఎల్లేదాకా కళ్ళు మూసుకుని కూసోమంటావేటి? మా కాడ ఒక్క షాఫ్టు తిప్పినా మద్దెమద్దెన కొలుత్తానే ఉంటాం. కొలవకుండా తిప్పుకుంటా పోతే సెడిపోద్ది. సెడిపోయేక కొలిసి ఏటి లాభం?"

"వాడు షాఫ్టు కాదండీ."

"ఇనప ముక్కకే అంత జాగర్త పడితే గుంటడికి ఎంత పడాల?"

దీనికి జవాబేముంది? కోపం తప్ప. కోపానికి జవాబుగా ఆయన కాలిపర్‌కి ఇంకోసారి స్పిరిట్టు రాశాడు.

అలా మొదలైంది. రోజూ ఆయన షాపుకి వెళ్ళే ముందు, వాడు పాలు తాగిన తర్వాత. మామగారు వాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని రెండు బుగ్గలూ పట్టుకోవాలి. మా అత్త కాళ్ళు పట్టుకోవాలి. నేను ఎదురుగా నిలబడి గిలక ఆడించాలి. నా కొడుకు గుక్కపట్టి ఏడుస్తుంటే వాడి ఎదుట గిలక ఆడిస్తూ నిలబడ్డ మనిషిని నేను. ఆయన కాలిపర్ అడ్డంగా ఒకసారి, పొడవుగా ఒకసారి పెట్టి, స్కేలు మీద ఆనించి, ఫోన్లో లెక్క వేసేవాడు. వాడు కదిలిపోతే మళ్ళీ మొదటికి. "కదలకు నానా, మంచోడివి కదా, కదలకు" అని బతిమాలేవాడు. అప్పుడే మా మామగారికి ఒక ఉపాయం తోచింది. మంచి మేలిరకం బెల్లం చిన్న ముక్క వేలికి రాసుకుని, కదలకుండా ఉన్నంతసేపూ వాడి నాలుక మీద అద్దడం. బెల్లం పని చేసింది. కొన్నాళ్ళకి ఏడుపు తగ్గింది. ఇంకొన్నాళ్ళకి బుగ్గలు పట్టుకోవాల్సిన అవసరం కూడా తగ్గింది.

"సూసేవా, అలవాటు పడిపోయేడు," అన్నాడు మా ఆయన సంతోషంగా.

నేను చూడలేదు. పాల గిన్నె తోముకుంటున్నాను.

ఇంతలో ఉగాది ముందటి కొత్త అమావాస్య వచ్చింది. నూకాలమ్మ జాతర. మా వీధిలో ఇంటింటికీ చుట్టాలు. జాతరకి వచ్చినవాళ్ళందరూ మా ఇంటికి కూడా వచ్చారు, అమ్మవారిని చూశాక తప్పనిసరిగా చూడాల్సిన రెండో చోటు ఏదో మా ఇల్లే అన్నట్టు. వచ్చినవాళ్ళు వచ్చినట్టే వాడి టోపీ తీసేసేవాళ్ళు. "ఓలమ్మా, కుట్ల గీత అలాగే కనపడతంది." "ఈ గీత మీద జుట్టు మొలుత్తాదంటారా?" "మరి తెలివి ఎలగుంటాదంట?" వాడి తెలివి గురించి అడిగిన ఆవిడ టీలో పంచదార బదులు ఉప్పు వేసి ఇద్దామనుకున్నాను. నిజంగా అనుకున్నాను.

మా అత్తకి ఇంకో గొడవ ఉంది. వాడి పుట్టువెంట్రుకలు నూకాలమ్మకి మొక్కుకుంది. ఆస్పత్రివాళ్ళు ఆపరేషన్‌కి ముందు నున్నగా గీసేశారు.

"ఆ ఎంట్రుకలైనా దాసి అట్టే పెట్టమని అడగలేపోయేవేటి అమ్మా?"

"అత్తా, వాడి తల కోత్తన్నారు. నేను జుట్టు అడగాలా?"

"తల కోత్తారు, అతుకుతారు. మొక్కు అతుకుతారేటి?"

పక్కింట్లో గాజుల కొట్టు జైనాబీ ఒక్కతే ఆ సాయంత్రం వచ్చి వాడి టోపీ ముట్టుకోకుండా ఒళ్ళో కూర్చోబెట్టుకుని "బాగా నిద్ర పోతన్నాడా? నువ్వేమన్నా తింటన్నావా?" అని అడిగింది. నాకు ఏడుపొచ్చేసింది. తినలేదని కాదు. ఎవరో ఒకరు అంకె కాకుండా వేరే ఏదైనా అడిగినందుకు.

వైశాఖం వచ్చేసరికి అంకె పడిపోవడం మొదలైంది. డెబ్బై అయిదు. డెబ్బై నాలుగు. వారం తిరిగేసరికి డెబ్బై మూడు. మా ఆయన రెండుసార్లు, మూడుసార్లు కొలిచేవాడు. పొద్దున కొలిచింది చాలక మధ్యాహ్నం భోజనానికి వచ్చినప్పుడు కూడా కొలిచేవాడు. గ్రూపులో అందరూ బొమ్మలు పంపడం మానేశారు. ఎండకి ఇల్లంతా పెనంలా కాగిపోతుంటే ఆ కాగుతున్న ఇంట్లో నలుగురం గొంతులు తగ్గించి మాట్లాడుకునేవాళ్ళం.

"వాడు బాగానే ఉన్నాడు కదండీ. ఆడుతున్నాడు, పాలు తాగుతున్నాడు, గోడ పట్టుకుని నిలబడుతున్నాడు. తప్పు మీ కొలతలోనే ఉందేమో."

"పదిహేనేళ్ళుగా కొలుత్తన్నాను. నా సేయి తప్పు రాదు."

"అయితే డాక్టరమ్మకి ఫోన్ చేయండి."

"సేత్తే ఏటంటాది? తీసుకొచ్చేయమంటాది. తీసుకెల్తే ఏటంటాది?"

అక్కడితో ఆపేశాడు. ఏమంటుందో ఇద్దరికీ తెలుసు. నాకు కోపం ఎంత ఉన్నా భయం అంతకు తక్కువేం లేదు. ఆ ఆపరేషన్ తలుపు ముందు ఇంకోసారి కూర్చోవాల్సి వస్తే నేను తట్టుకోలేను. ఆ మాట ఆయనకి చెప్పి ఉంటే బాగుండేది. చెప్పకుండా, "మీరే తిప్పుకోండి మీ షాఫ్టుని" అని విసురుగా లేచిపోయాను.

అంకె డెబ్బై రెండుకి వచ్చిన రోజు మధ్యాహ్నం నేను మేడ మీద వడియాలు ఎత్తి కిందకి వచ్చాను. పెరట్లో మా అత్త కాళ్ళు చాపుకుని కూర్చుని, కాళ్ళ మీద వాణ్ణి పడుకోబెట్టుకుని స్నానం చేయిస్తోంది. మా అత్త చేతి స్నానమంటే మా వీధిలో పేరు. ఎవరింట్లో పురుడొచ్చినా ఈవిడే వెళ్ళాలి. నూనె రాసి, వేడినీళ్ళు పోసి, పిల్లల తల నాలుగువైపులా అరచేతులతో నొక్కి గుండ్రంగా తీర్చడం ఆవిడ పద్ధతి. ఆపరేషన్ అయ్యాక తల దగ్గర చేయి పెట్టవద్దని డాక్టరమ్మ చెప్పింది, నేను చెప్పాను, మా ఆయన చెప్పాడు. ఆవిడ సరేనంది. ఇప్పుడు చూస్తే ఒక అరచేయి వాడి నుదుటి మీద, ఇంకో అరచేయి వెనకవైపు. కళ్ళు మూసుకుని, ఏదో గొణుక్కుంటూ, రెండు చేతులూ దగ్గరికి నొక్కుతోంది.

వడియాల చేట ఎక్కడ పడిందో నాకు తెలీదు.

"అత్తా! ఏటి చేత్తన్నావు? చంపేత్తావా వాణ్ణి?"

"నానేటి సేసేను?" అని ఉలిక్కిపడింది. "మెల్లిగానే అమ్మా. పొడుగు తగ్గితే ఆ అంకె పెరుగుద్దంట కదా. దేవిగాడే సెప్పేడు."

"ఎముకలు ఇంకా అతుకుతున్నాయి అక్కడ! ఎన్నిసార్లు చెప్పాలి? మీ అందరికీ ఎన్నిసార్లు చెప్పాలి నేను?"

వాణ్ణి లాక్కున్నాను. తడి ఒంటితోనే గుండెకి హత్తుకున్నాను. ఇంకా చాలా అన్నాను. మా పెళ్ళయిన దగ్గర్నుంచీ అనకుండా దాచుకున్నవన్నీ అన్నాను. మా అత్త తిరిగి ఒక్క మాట అనకపోవడం అదే మొదటిసారి. తడి చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటికేసి చూస్తూ కూర్చుంది.

"ఈది ఈదంతా అదే అనుకుంటంది," అంది. "ఊరందరి పిల్లలకీ తీర్చింది, సొంత మనవడి తల తీర్చలేపోయిందని. నా సేతిలోనే ఏదో లోపముందని. మళ్ళీ కోత్తారంటే మరి నేను సూత్తా కూసోనా?"

ఆవిడ ఏడవడం కూడా నేను అదే మొదటిసారి చూడటం. నా కోపం చల్లారలేదు, కానీ ఎవరి మీద పెట్టాలో తెలియకుండా పోయింది. సాయంత్రం మా ఆయన గుమ్మంలో చెప్పులు విప్పుతుండగానే చెప్పేశాను.

"రేపు పొద్దున్న బండికి విశాఖపట్నం వెళ్తన్నాం. మీరు రాకపోతే నేనొక్కదాన్నే పోతాను."

ఆయన కాదనలేదు.

డాక్టరమ్మ గదిలో ఫ్యాను తిరుగుతున్నా చెమటలు కారుతున్నాయి. నేను ఏదీ దాచలేదు. కాలిపర్, పడిపోయిన అంకెలు, అత్త నొక్కడం, అన్నీ చెప్పాను. మా ఆయన వాణ్ణి ఒళ్ళో పెట్టుకుని నేలకేసి చూస్తున్నాడు. డాక్టరమ్మ వాడి తల మీద వేళ్ళు నెమ్మదిగా జరుపుతూ చూసింది. గీత వెంట చూసింది, చెవుల పైన చూసింది, నుదురు చూసింది.

"ఏం కాలేదు, కంగారు పడకండి. కానీ నొక్కడం ఇంకెప్పుడూ చేయించకండి. ఏదీ, కొలుద్దాం."

సొరుగు లాగి తన కాలిపర్ తీసింది.

మోహిత్ చేతిలో తాళంచెవుల గుత్తి ఉంది. అది వదిలేశాడు. కింద పడి చప్పుడైంది. వాడు తల వంచాడు. కళ్ళు మూసుకున్నాడు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, బొమ్మలా కదలకుండా కూర్చున్నాడు. ఊపిరి కూడా బిగబట్టాడనిపించింది. తర్వాత నోరు తెరిచి నాలుక కొంచెం బయటికి చాపాడు.

డాక్టరమ్మ అడ్డంగా కొలిచింది. పొడవుగా కొలిచింది. వాడు కదల్లేదు.

"డెబ్బై ఆరు," అంది. "అప్పుడెంత ఉందో అంతే ఉంది. మీకెందుకు తగ్గిందంటే... ఒకసారి మీరు కొలిచి చూపించండి."

మా ఆయన కొలిచాడు. డాక్టరమ్మ చూస్తూ తలూపింది. "చూశారా? నుదుటి దగ్గర గట్టిగా ఆనించడానికి మీకు భయం, అంకె తగ్గేకొద్దీ ఆ భయమూ పెరిగి ఉంటుంది. వదులుగా పెడుతున్నారు. పొడవు ఎక్కువ వస్తుంది. పక్కల్లో భయం లేదు, బిగించేస్తున్నారు. వెడల్పు తక్కువ వస్తుంది. వాడి తలలో ఏ మార్పూ లేదు. ఇంట్లో కొలవడం మానేయండి."

మా ఆయన "సరేనండి" అన్నాడు. ఆ "సరేనండి" కోసం నేను ఎండాకాలమంతా ఎదురుచూశాను. నేను చెప్పలేదా అని అనడానికి మాటలు కూడా సిద్ధంగా పెట్టుకున్నాను.

డాక్టరమ్మ కాలిపర్ సొరుగులో పెడుతూ వాడి బుగ్గ మీద తట్టింది. "ఈ వయసు పిల్లల తల కొలవాలంటే నాకు ఇద్దరు నర్సులు కావాలండీ. పీకి పందిరి వేస్తారు. ఇంత బుద్ధిగా కూర్చున్నవాణ్ణి నేను ఇంతవరకూ చూడలేదు. ఏం చేసి నేర్పారు?"

నేను వంగి కింద పడ్డ తాళంచెవుల గుత్తి తీశాను.

"మరి నాలుక ఎందుకు చాపాడు?"

వాడు ఇంకా కళ్ళు తెరవలేదు. కొలవడం అయిపోయిందని ఎవరో చెప్పాలని కూర్చున్నాడు. నేనే వాణ్ణి ఎత్తుకుని "అయిపోయింది కన్నా, అయిపోయింది" అన్నాను.

"వానలు పడ్డాక ఇంకోసారి తీసుకురండి. అప్పుడూ ఇలాగే ఉంటే మళ్ళీ ఆపరేషన్ ఊసే ఉండదు," అంది డాక్టరమ్మ.

తిరుగు బండిలో మాకు సీటు దొరకలేదు. తలుపు దగ్గర నిలబడి వచ్చాం. మా ఆయన బయటికి చూస్తూ "ఆ నాలిక..." అన్నాడు. అవును, మీరే నేర్పారు, మీరూ మీ నాన్నా కలిసి నేర్పారు అని అనొచ్చు. కానీ గిలక ఆడించింది నేనే కదా.

మర్నాడు ఆయన కాలిపర్ షాపులో ఇచ్చేశాడు. వాట్సాప్ గ్రూపు తీసేశాడు. అంతవరకూ బాగానే ఉంది. ఆ తర్వాత ఇంకో తంటా మొదలైంది. ఆయన వాణ్ణి ముట్టుకోవడం మానేశాడు. పొద్దున్న పాలు తాగగానే వాడు పాక్కుంటూ వెళ్ళి ఆయన ముందు కూర్చునేవాడు. తల వంచేవాడు, కళ్ళు మూసేవాడు, నాలుక చాపేవాడు. ఆయన టిఫిన్ కూడా తినకుండా చెప్పులేసుకుని షాపుకి పారిపోయేవాడు. వాడు కాసేపు అలాగే కూర్చుని, కళ్ళు తెరిచి చుట్టూ చూసేవాడు. ఒకరోజు, రెండ్రోజులు, వారం. నాకు ఓపిక చచ్చింది.

"కొలవడం మానమన్నాను గాని కొడుకుని మానమన్నానా?"

"నా సేయి తగిల్తే ఆడు అలగైపోతన్నాడే. నా వల్ల కాదు బిందూ. సూళ్ళేను."

"చూళ్ళేకపోతే కళ్ళు మూసుకోండి. వాడూ మూసుకుంటన్నాడు కదా, ఇద్దరూ మూసుకోండి."

అప్పుడే మొదటి వాన పడింది. మేడ మీద బట్టలున్నాయి. వాణ్ణి తెచ్చి ఆయన ఒళ్ళో పడేసి, "పట్టుకోండి, బట్టలు తడిసిపోతన్నాయి" అని పైకి పరిగెత్తాను. బట్టలు తీయడానికి ఎంతసేపు పడుతుంది? నేను కావాలనే మెట్ల మీద నిలబడిపోయాను. కింద చాలాసేపు చప్పుడు లేదు. ఆ తర్వాత "అబ్బా!" అని మా ఆయన గట్టిగా అరిచాడు. తొంగి చూశాను. నాలుక మీద బెల్లం పడక విసిగిపోయాడో ఏమో, వాడు ఆయన మీసం పట్టుకుని గుంజుతున్నాడు. ఆయన కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి. మీసం వదిలించుకోవడం లేదు.

"లాగు," అంటున్నాడు. "ఇంకా లాగు నానా. గట్టిగా లాగు."

ఆ రోజు నుంచీ అదే పని. మీసం, జుట్టు, చొక్కా గుండీలు. మా అత్త వాడికి స్నానం చేయించేటప్పుడు ఇప్పుడు తల మీద చెంబుతో నీళ్ళు మాత్రం పోస్తుంది. చేయి తల దాకా వెళ్ళి ఆగిపోవడం నేను చాలాసార్లు చూశాను. వాడు ఆవిడ ముఖం మీద నీళ్ళు చల్లితే "దొంగనాకొడకా" అని తిడుతుంది. వాడికి తిట్టించుకోవడం చాలా ఇష్టంగా ఉంది. పొద్దున్న తల వంచడం రోజూ నుంచి అప్పుడప్పుడుకి తగ్గింది. పూర్తిగా పోయిందో లేదో మాత్రం మాకెవరికీ తెలీదు.

ఆషాఢంలో, ముసురు పట్టిన రోజున మళ్ళీ విశాఖపట్నం వెళ్ళాం. ఈ కొలతతో తేలిపోతుంది. డాక్టరమ్మ గదిలో వాడు ఆయన ఒళ్ళోనే కూర్చున్నాడు. ఆవిడ సొరుగు లాగింది. కాలిపర్ బయటికి వచ్చింది.

వాడు దాన్ని చూశాడు. వాళ్ళ నాన్న ముఖం చూశాడు. మళ్ళీ దాన్ని చూశాడు. ఇప్పుడు కళ్ళు మూస్తాడు, ఇప్పుడు నాలుక చాపుతాడు అనుకున్నాను. అంకె ఎంతైనా రానీ, అది మాత్రం వద్దు అనుకున్నాను. ఒక తల్లి అనుకోవాల్సిన మాట అవునో కాదో నాకు తెలీదు. అనుకున్నాను.

వాడు ఊపిరి నిండా పీల్చుకుని ఒక్క కేక పెట్టాడు.

ఆ తర్వాత ఏం జరిగిందో వరసగా చెప్పడం కష్టం. డాక్టరమ్మ కళ్ళజోడు ఎగిరిపోయింది. కాలిపర్ బల్ల కిందకి పోయింది. ఒక నర్సు వచ్చింది, ఇంకో నర్సు వచ్చింది. వాడు తన్నాడు, రక్కాడు, నర్సు చేతి గడియారం కొరికాడు.

"నాన్నగారూ, మీరు కాస్త తల పట్టుకోండి," అంది డాక్టరమ్మ ఆయాసపడుతూ.

"నా వల్ల కాదండి డాక్టరమ్మా," అన్నాడు మా ఆయన. "ఇంకెవర్నైనా పట్టుకోమనండి."

నర్సులిద్దరూ నేనూ కలిసి పట్టుకున్నాం. చాలాసేపటికి ఎలాగో కొలత అయిందనిపించింది డాక్టరమ్మ.

"డెబ్బై అయిదుకీ ఆరుకీ మధ్య. అంతకంటే కచ్చితంగా ఈ రాక్షసుణ్ణి నేను కొలవలేను," అంది కళ్ళజోడు తుడుచుకుంటూ. "చాలు. బాగుంది. ఇంక మళ్ళీ తెరిచే పని లేదు. ఏడాది తర్వాత ఒకసారి కనిపించండి. అవునూ, మొన్న వచ్చింది వీడేనా?"

"వీడేనండి," అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. వాడి ఏడుపులో ఎవరి గొంతూ వినపడటం లేదు.

బయట బెంచీల నిండా జనం. తల్లులందరూ తలలు తిప్పి చూస్తున్నారు. వాడు వాళ్ళ నాన్న భుజం మీద ఎర్రగా కందిపోయి, కాళ్ళతో పొట్టలో తన్నుతూ, పిడికిళ్ళతో ముఖం మీద కొడుతూ ఏడుస్తున్నాడు. పాలసీసా ఇవ్వబోతే విసిరికొట్టాడు. ఇంకో రోజైతే సిగ్గుతో చచ్చిపోయేదాన్ని.

"ఏమైందమ్మా, బాగా నొప్పెట్టిందా బాబుకి?" అని అడిగింది బెంచీ చివర కూర్చున్న ఒకావిడ.

నేను నోరు తెరిచేలోగా మా ఆయనే చెప్పాడు.

"నొప్పి కాదండి. కోపం. మావోడికి కోపమొచ్చిందండి."

ఆవిడకి వినపడలేదేమో అని ఇంకాస్త గట్టిగా, ఆ వరండాలో ఉన్నవాళ్ళందరికీ వినపడేలా మళ్ళీ చెప్పాడు.